రాణి గదులు కోస్తే గుంపు ఆగదు

తమ్ముడూ, కొత్త రాణులు పెరిగే రాణి గదులు రెండుసార్లు కోసేసినా మీ గుంటూరు తోటలో తేనెటీగలు గుంపుగా లేచి మునగచెట్టెక్కాయన్నావు. పెట్టెలో ఇరుకు తగ్గకుండా కోత ఒక్కటే చాలదు. నేనూ మొదటి ఏడాది కోసుకుంటూ కూర్చుని రెండు గుంపులు పోగొట్టుకున్నా.

ఇంకో పెట్టెలో తేనెపట్టు కింది అంచున వేరుశనక్కాయలా గదులు వేలాడుతుంటే, పాత రాణిని పిల్ల (గుడ్లు, పురుగులు) ఉన్న రెండు ఫ్రేములతో (పట్టు కట్టే చట్రాలతో), వాటి మీది ఈగలతో సహా కొత్త పెట్టెలోకి మార్చు. ఆ ఫ్రేముల మీద రాణి గది ఒక్కటీ ఉండకూడదు. ముసలి ఈగలు ఎలాగూ పాత పెట్టెకే తిరిగిపోతాయి, కాబట్టి ఇంకో ఫ్రేము ఈగల్ని కొత్త పెట్టెలోకి దులుపు. పాత పెట్టెలో బాగా ఎదిగిన గది ఒక్కటే ఉంచు. దాని ఫ్రేమును మాత్రం దులపకు, లోపలి పిల్ల దెబ్బతింటుంది.

గుడ్డు పెట్టిన 8, 9 రోజులకే రాణి గదికి మూత పడుతుంది, సుమారు 16 రోజులకు రాణి బయటికొస్తుంది. అందుకే పూత కాలంలో వారానికోసారి పెట్టె మూత తీసి చూడాల్సిందే.