స్మోల్డరింగ్ మైలోమా అన్నారు, మందు ఇవ్వలేదు. తిండి మారిస్తే ఆగుతుందా?

మీ నాన్నగారికి స్మోల్డరింగ్ మైలోమా (మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు ముందు, లక్షణాలు లేని దశ) అని తేలిందనీ, డాక్టరుగారు మందులేమీ రాయకుండా మూడు నెలలకోసారి రక్తపరీక్షలకు రమ్మన్నారనీ రాశారు. ఈలోగా తిండి మార్చమంటారా, గోధుమగడ్డి రసం, ప్రోబయోటిక్ మాత్రలు (పేగులకు మంచి చేసే బాక్టీరియా ఉన్నవి) మొదలుపెట్టమంటారా అని మీ ప్రశ్న. నాకూ ఇదే జబ్బు అమ్మా. మాది గుంటూరు, రిటైరయిన టీచర్ని. డాక్టర్ని కాను కాబట్టి చదివి తెలుసుకున్నదీ, నా ఒంటి మీద చూసుకున్నదీ చెబుతాను.

మందు రాయలేదంటే వదిలేశారని కాదు. ఎముక మజ్జలో ప్లాస్మా కణాలు (ఈ జబ్బులో అదుపు తప్పి పెరిగే తెల్ల రక్తకణాలు) 10 శాతానికి చేరినా, అవి రక్తంలోకి వదిలే ఎం ప్రొటీన్ డెసిలీటరుకు 3 గ్రాములు ఉన్నా, కాల్షియం, కిడ్నీలు, హిమోగ్లోబిన్, ఎముకలు బాగానే ఉంటే స్మోల్డరింగ్ అంటారు. మొదటి ఐదేళ్ళలో ఏటా నూటికి పదిమందికి ఇది అసలు మైలోమాగా మారుతుంది. తర్వాతి ఐదేళ్ళు ఏటా ముగ్గురికి, ఆపైన ఒకరికి. అంటే ఏమీ చేయకపోయినా ఏళ్ళ తరబడి కదలకుండా ఉండేవాళ్ళు చాలామంది ఉంటారు. ఫలానా రసం తాగితే ఆగిపోయిందని ఎవరైనా చెబితే ఈ లెక్క గుర్తుచేసుకోండి.

తిండి గురించి గట్టిగా చెప్పుకోదగ్గ పని న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో జరిగింది. డాక్టర్ ఊర్వి షా బృందం ఈ దశలోనూ, దీనికి ముందు దశ అయిన ఎంజీయూఎస్‌లోనూ ఉన్న 20 మందికి, అందరూ బరువు ఎక్కువున్నవాళ్ళే, 12 వారాలు పీచు దండిగా ఉన్న శాకాహారం ఇచ్చింది. పప్పులు, ముడిధాన్యాలు, కూరగాయలు, పళ్ళు ఎంత కావాలంటే అంత తినొచ్చు. బరువు సగటున 8 శాతం తగ్గింది, ఇన్సులిన్ పనితీరు మెరుగైంది, పేగుల్లో మంచి బాక్టీరియా పెరిగింది. ఏడాది గడిచినా ఎవరికీ మైలోమాగా మారలేదు. అంతకుముందు జబ్బు పెరుగుతూ వచ్చిన ఇద్దరిలో ఆ వేగం తగ్గింది. ఎలుకల్లో చేసినప్పుడు మామూలు మేత తిన్నవన్నీ మైలోమా బారిన పడ్డాయి, పీచు తిన్నవాటిలో 44 శాతం తప్పించుకున్నాయి. నాకు చాలా ఆశ కలిగించిన ఫలితాలివి. కానీ మనుషులు ఇరవైమందే, పోల్చి చూడడానికి మామూలు తిండి తిన్న జట్టు లేదు. అందుకని ఆపుతుందని ఇప్పుడే ఎవరూ చెప్పలేరు.

పీచు మనకు అరగదు. పెద్దపేగులోని బాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తుంది, అది పేగు గోడను కాపాడి ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను (లోపలి వాపును) తగ్గిస్తుంది. ఆ అధ్యయనంలో ఇచ్చింది కూడా తిండే, మాత్రలు కాదు. అందుకే నేను ప్రోబయోటిక్ డబ్బాలు కొనలేదు.

నేను అన్నం మానలేదు, తగ్గించాను. పొద్దున పొట్టు పెసలతో పెసరట్టు. మధ్యాహ్నం కంచంలో సగం గోరుచిక్కుడో బీరకాయో, పక్కన తోటకూర పప్పు, గుప్పెడు అన్నం, ఒక గిన్నె పెరుగు. రాత్రి జొన్నరొట్టె, బొబ్బర్ల కూర. మొదట్లో కడుపు ఉబ్బి రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. బొబ్బర్లు, ఉలవలు రాత్రంతా నానేసి, ఆ నీళ్ళు వంపేసి, మెత్తగా ఉడికించి ఇంగువ వేయడం మొదలుపెట్టాక సర్దుకుంది. ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా పెంచండి, నీళ్ళు బాగా తాగనివ్వండి.

నా బరువు తగ్గింది, షుగరు అదుపులోకి వచ్చింది. ఎం ప్రొటీన్ తగ్గలేదు, పెరగనూ లేదు. అది తిండి వల్లేనని మాత్రం నేను చెప్పను.

ఒకసారి నా హిమోగ్లోబిన్ పడిపోయింది. జబ్బు ముదిరిందేమోనని ఇంట్లో అందరం హడలిపోయాం. తీరా చూస్తే బి12 లోపం. నేను మాంసం, గుడ్లు తినను, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడతాను, అదీ బి12ను తగ్గిస్తుంది. ఇంజెక్షన్లు వేశాక మళ్ళీ పెరిగింది. మన జబ్బులో హిమోగ్లోబిన్ చూసే చాలా నిర్ణయాలు తీసుకుంటారు, కాబట్టి మీ నాన్నగారికి శాకాహారం మొదలుపెట్టే ముందే బి12 పరీక్ష చేయించండి.

గోధుమగడ్డి రసం ఈ జబ్బును ఆపుతుందనడానికి ఆధారం నాకెక్కడా కనబడలేదు. గ్రీన్ టీ సారం మాత్రలు మాత్రం వద్దే వద్దు, మైలోమాకు ఇచ్చే బోర్టెజోమిబ్ మందును అవి అడ్డుకుంటాయని ప్రయోగశాలలో తేలింది. రక్తం పలచబడే మందులు వాడుతుంటే పసుపు మాత్రలూ డాక్టరుకు చెప్పకుండా వేసుకోకూడదు. పేరూ ఊరూ లేని భస్మాలు, నడుం నొప్పికి సొంతంగా వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కిడ్నీలకు చేటు. మీ నాన్నగారు సన్నగా ఉంటే బరువు తగ్గనివ్వకండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలో ఎక్కువుంటే పప్పులు, కొబ్బరినీళ్ళు ఎంతవరకో అడిగి తెలుసుకోండి.

ఇంకొకటి, ఆయనది ముదిరే ప్రమాదం ఎక్కువున్న రకమా కాదా అని డాక్టరుగారిని తప్పకుండా అడగండి. 2024 చివర్లో వచ్చిన అక్విలా అధ్యయనంలో, ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకు మైలోమా మందు డారటుముమాబ్ ఇస్తే ఐదేళ్ళ తర్వాత కూడా 63 శాతం మంది జబ్బు ముదరకుండా ఉన్నారు. మందు లేకుండా గమనిస్తూ వచ్చినవాళ్ళలో 41 శాతమే. ప్రమాదం ఎక్కువని చెబితే తిండి సంగతి తర్వాత, ముందు ఆ మందు గురించి మాట్లాడండి. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పట్టుకెళ్ళండి, పరీక్షలు ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి.