ఆరోగ్య సందేహాలు: ఆయాసం తగ్గింది, కాలినొప్పి మొదలైంది

ప్రశ్న: నా వయసు 44 ఏళ్లు. కాకినాడలో ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. రక్తంలో చక్కెర హద్దు దగ్గర ఉందని డాక్టరుగారు చెప్పడంతో పరుగు మొదలుపెట్టాను. మొదట్లో రెండు నిమిషాలకే రొప్పు వచ్చేది. నెల తిరిగేసరికి ఆయాసం బాగా తగ్గడంతో రోజూ ఆగకుండా 20 నిమిషాలు పరుగెత్తసాగాను. ఇప్పుడు రెండు కాళ్లకూ మోకాలి కింద, ముందువైపు ఎముక వెంబడి నొప్పి వస్తోంది. ఈ వయసులో పరుగు సరిపడదనుకొని మానుకోవాలా?

జవాబు: మానుకోనక్కరలేదు, కానీ కొన్నాళ్లు ఆపాలి. మీ నొప్పికి వయసుకన్నా మీరు పరుగును త్వరత్వరగా పెంచేయడమే ఎక్కువ కారణమని మీ ఉత్తరాన్నిబట్టి తోస్తోంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొద్ది వారాల్లోనే కొత్త శ్రమకు అలవాటు పడతాయి. కండరాలను ఎముకలకు పట్టి ఉంచే స్నాయువులకూ, ఎముకలకూ మాత్రం నెలలు పడుతుంది. పైగా ఎముక తన మీద పడే కొత్త భారానికి తగినట్టు గట్టిపడే క్రమంలో పాత కణజాలాన్ని ముందు తొలగించుకొని, ఆ తరవాతే కొత్తది పేర్చుకుంటుంది కనుక, మధ్యలో కొన్ని వారాలపాటు అది మునుపటికన్నా బలహీనంగానే ఉంటుంది. సరిగ్గా ఆ వారాల్లోనే మీకు ఆయాసం తగ్గింది, ఉత్సాహం పెరిగింది, విశ్రాంతి రోజులు పోయాయి. కొత్తగా పరుగు మొదలుపెట్టేవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ముందు నొప్పి సంగతి చూడండి. ఎముక వెంబడి జానెడు మేర నొక్కితే సలుపుతూ, ఒళ్లు వేడెక్కాక కాస్త తగ్గే నొప్పి అయితే, రెండు మూడు వారాలు పరుగు మాని, నొప్పి తెలియనంత మేరకే నడిస్తే సాధారణంగా సర్దుకుంటుంది. వేలికొస పట్టేంత చోట మాత్రమే గుచ్చినట్టు ఉన్నా, మామూలు నడకలోనూ రాత్రిపూటా బాధించినా, ఎముకలో సన్నని చీలిక వచ్చిందేమోనని అనుమానించి వెంటనే ఎముకల వైద్యుణ్ణి కలవాలి. ఇలాంటి చీలిక తొలి రోజుల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కాబట్టి, ఎక్స్‌రే బాగుందన్న ధైర్యంతో మళ్లీ పరుగెత్తకండి.

నొప్పి పూర్తిగా పోయాక మూడు నాలుగు వారాలు వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట చురుగ్గా నడవండి. ఆ తరవాత వారానికి మూడు రోజులే, రోజు విడిచి రోజు, పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఆరేడుసార్లు చేయండి. ఒక మెట్టు మీద రెండు వారాలు హాయిగా గడిచాకే పరుగు మరో నిమిషం పెంచండి. నాలుగో వారం వచ్చినప్పుడల్లా కొంత తగ్గించడం మంచిది. పక్కనున్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత మెల్లగా, పొట్టి అడుగులతో సాగాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైందన్నమాటే. తీరప్రాంతపు ఉక్కలో చెమట త్వరగా ఆరదు, అదే వేగానికి గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా తెల్లవారుజామునే బయలుదేరి, ఇంకా మెల్లగా పరుగెత్తండి.

ఇంత మెల్లని పరుగు పరుగేనా అని మీకు అనిపించవచ్చు. న్యూజిలాండ్‌లో ఒలింపిక్ విజేతలను తీర్చిదిద్దిన శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్, 1960ల తొలి ఏళ్లలో ఆక్లాండ్‌లోని మధ్యవయస్కులను, గుండెజబ్బు వచ్చి కోలుకున్నవారిని సైతం ఇలాగే మాట్లాడుకుంటూ పరుగెత్తించాడు. 1962 చివర్లో అక్కడికి వెళ్లిన అమెరికన్ శిక్షకుడు బిల్ బోవర్‌మన్ వారితో కలిసి పరుగుకు దిగి, డెబ్బై దాటిన వృద్ధుడికన్నా వెనకబడ్డాడు. ఆయన స్వదేశానికి తిరిగివెళ్లి ఆరిగన్ రాష్ట్రంలో మామూలు జనానికి ఈ పద్ధతి నేర్పాడు.

చక్కెరకు మాత్రలు వాడుతుంటే, ముఖ్యంగా గ్లిమిపిరైడ్ వంటివైతే, చక్కెర ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం ఉంది కనుక డాక్టరుగారికి చెప్పి మొదలుపెట్టండి, జేబులో గ్లూకోజు ఉంచుకోండి. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం ఉంటే ఆపేసి వెంటనే వైద్యసహాయం పొందాలి.

ప్రశ్న: మోకాళ్ల నొప్పుల వల్ల పరుగు నావల్ల కాదు. రోజుకు 10,000 అడుగులు నడవనిదే ఫలితం ఉండదంటున్నారు. నిజమేనా? (62 ఏళ్ల పాఠకుడు, వరంగల్)

జవాబు: నిజం కాదు. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల లెక్కింపు పరికరంతో ప్రచారంలోకి వచ్చింది, వైద్య పరిశోధనలో తేలింది కాదు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఒకేసారి అరగంట నడవలేకపోతే పది నిమిషాల చొప్పున పూటకోసారి నడిచినా లెక్కలోకి వస్తుంది. భోజనం అయ్యాక నడిస్తే చక్కెర పెరుగుదల కూడా తగ్గుతుంది. మీ వయసులో కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం వంటి తొడ కండరాల వ్యాయామం వారానికి రెండుసార్లు చేర్చండి. లేచేటప్పుడు మోకాలు మరీ నొప్పిపెడితే కాస్త ఎత్తైన కుర్చీతో మొదలుపెట్టవచ్చు.