తుపాకీ మూతికి తొడుగు పెట్టించే ముందు చెవుల సంగతి చూడు

చి. చిన్నాకి మామయ్య దీవెనలు.

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. మీ తాతగారి .315 రైఫిల్ లైసెన్సు నీ పేరు మీదికి వచ్చిందట, రేంజ్‌లో రెండుసార్లు పేల్చావట, భుజం కమిలిపోయిందట. దానికి మజిల్ బ్రేక్, అదే తన్ను తగ్గించడానికి మూతికి బిగించే తొడుగు, పెట్టిస్తానని, పీణ్యాలో నీ స్నేహితుడి లేత్ షాపులో అరగంట పనేనని కూడా అన్నావట. ఇది ఫోన్‌లో తేలే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను. మిగతాది నిదానంగా చదువుకో, పీణ్యా ఆలోచన మాత్రం ఇవాళే మానుకో. లైసెన్సు లేని షాపువాడు తుపాకీ మీద చెయ్యి పెట్టడమే 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం. వాడూ ఇరుక్కుంటాడు, నువ్వూ ఇరుక్కుంటావు.

ముందు చప్పుడు ఎక్కడ పుడుతుందో తెలియాలి. మందు కాలి పుట్టిన వాయువు తూటా వెనకాల బ్యారెల్‌లో బిగబట్టి ఉంటుంది. తూటా మూతి దాటగానే అదంతా ఒక్కసారి బయటికి తన్నుకొస్తుంది. మనకు వినపడే ఢాం అదే, మొహానికి కొట్టే గాలి దెబ్బా అదే. దాంతోపాటు ఇంకో చప్పుడుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. తూటా అంతకన్నా వేగంగా పోతే దారి పొడవునా కొరడా ఝళిపించినట్టు ఛెళ్ళుమంటుంది. మొదటి చప్పుడును మూతి దగ్గర ఏదో ఒకటి చేయవచ్చు. రెండోదాన్ని ఏ తొడుగూ ఆపలేదు, తూటా అప్పటికే వెళ్ళిపోయింది కదా.

బ్రేక్ ఏం చేస్తుందంటే, ముందుకు పోయే వాయువును పక్కలకీ వెనక్కీ మళ్ళిస్తుంది. వాయువు దాని గోడలను ముందుకు నెడుతుంది కాబట్టి రైఫిల్ వెనక్కి తన్నడం తగ్గుతుంది. అంతవరకు నీ స్నేహితుడు చెప్పింది నిజమే. కానీ అలా మళ్ళించిన దెబ్బ ఎటు వచ్చిందో చూడు: నీ చెవుల వైపు, పక్క లేన్‌లో పడుకుని గురి చూస్తున్నవాడి మొహం మీదికి. పైన రేకులో స్లాబో ఉంటే ఆ చప్పుడు తిరిగి నెత్తిమీదే పడుతుంది. నేల మీద పడుకుని పేలిస్తే మన ఎర్రమట్టి దుమ్మంతా లేచి స్కోప్ ముందు తెర కడుతుంది. భుజానికి తప్పించిన దెబ్బను చెవికి తగిలించుకోవడం నా దృష్టిలో చాలా చెడ్డ బేరం. కమిలిన భుజం వారంలో మానుతుంది, చెవి మానదు.

నా సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. సైన్యంలో కొత్తగా ఉన్నప్పుడు ఒక రాత్రి ఫైరింగ్‌లో చెవుల్లో దూది పెట్టుకుని నేల మీద పడుకుని పేల్చాను. నా కుడి పక్కన నాలాంటి కుర్రాడు ఎస్ఎల్ఆర్ రైఫిల్‌తో, ఎడమ పక్కన ఎల్ఎంజి, అంటే లైట్ మెషిన్ గన్. అప్పట్లో ఇయర్ ప్లగ్ అడిగితే పిరికివాడనేవాళ్ళు. తెల్లారేసరికి ఎడమ చెవిలో ఈల మొదలైంది. ఇవాళ్టికీ ఆగలేదు. హలసూరు చెరువు గట్టున పొద్దున నడిచేటప్పుడు మీ అత్త పిట్టలు కూస్తున్నాయంటుంది, నాకు ఆ ఈలే వినపడుతుంది. కుడిచేతివాటం వాళ్ళకు ఎక్కువగా పోయేది ఎడమ చెవే, రైఫిల్ వెనక భాగం, అదే బట్, మీద చెంప ఆనించినప్పుడు మూతి వైపు తిరిగి ఉండేది అదే కాబట్టి.

లెక్క కూడా చెబుతాను. చెవికి ఒక్క దెబ్బతోనే హాని జరిగే హద్దు 140 డెసిబెళ్ళంటారు. రేంజ్‌లో పేల్చే చిన్న .22 రైఫిల్ దాదాపు ఆ హద్దు దగ్గరే ఉంటుంది. పెద్ద రైఫిళ్ళు 155 నుంచి 165 దాకా పోతాయి, బ్రేక్ పెడితే పేల్చేవాడి చెవి దగ్గర ఇంకా పెరుగుతుంది. 10 డెసిబెళ్ళు పెరిగితే శబ్దశక్తి పది రెట్లయినట్టు. అందుకే లోపల ఫోమ్ ప్లగ్, పైన ఇయర్ మఫ్, రెండూ పెట్టుకో. రెండూ కలిపితే రెట్టింపు రక్షణ రాదు, రెండింట్లో ఎక్కువ ఆపేదానికి ఓ 5 డెసిబెళ్ళు అదనంగా కలుస్తాయి. ఆ అయిదూ కూడా వదులుకోకు. ప్లగ్‌ను వేళ్ళతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపలికి పంపి, అది ఉబ్బేదాకా వేలు తీయకుండా పట్టుకో. పైపైన కుక్కుకుంటే దూది పెట్టుకున్నట్టే.

సైలెన్సర్ సంగతీ అడిగావట. సినిమాలో తుప్పుమని వినపడేది అబద్ధం. మంచి సైలెన్సర్ కూడా 20 నుంచి 35 డెసిబెళ్ళు తగ్గిస్తుంది, అంతే. పైగా మన దేశంలో చప్పుడును గానీ మంటను గానీ తగ్గించడానికి చేసిన ఉపకరణాలు నిషేధిత ఆయుధాల వరుసలో ఉన్నాయి, వాటి జోలికి వెళ్ళకు. మెషిన్ గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్‌కు ఆ తుపాకుల మధ్యే ఉండి చెవులు పోయాయి. 1909లో సైలెన్సర్‌కు పేటెంట్ తీసుకున్నది ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్. ఆ ఇంటి కథ నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. ఇక మా ఎస్ఎల్ఆర్ మూతికి ఉండే ఫ్లాష్ హైడర్ చప్పుడును ఏమీ చేయదు. అది మంటను చెదరగొట్టి, చీకట్లో పేల్చేవాడి కళ్ళు చెదరకుండా కాపాడుతుంది.

గురి విషయానికొస్తే, బ్యారెల్ చివర బరువు తగిలిస్తే బ్యారెల్ కంపించే తీరు మారుతుంది. తూటా తగిలే చోటు జరుగుతుంది, జీరోయింగ్, అంటే సైటును తూటా తగిలే చోటికి సరిపెట్టడం, మళ్ళీ మొదటినుంచి చేయాలి. గ్రూపింగ్, అంటే తూటాలన్నీ దగ్గర దగ్గరగా పడటం, బాగుపడుతుందో చెడుతుందో పెట్టి చూస్తే గానీ ఎవరూ చెప్పలేరు. బ్రేక్ రంధ్రం బ్యారెల్‌తో వెంట్రుకవాసి తేడాగా ఉన్నా వాయువు తూటాను ఒక పక్కకు నెడుతుంది. ఇంకాస్త తేడా ఉంటే తూటా దాని గోడకే తగులుతుంది. అందుకే లేత్ పని అంటే నాకు భయం. ఒలింపిక్స్ రైఫిల్ పోటీల్లో బ్రేకులు నిషేధం. 50 మీటర్ల రైఫిళ్ళకు ముందు కనిపించే పొడుగు గొట్టం సైలెన్సర్ కాదు, ముందు సైటును దూరంగా జరపడానికి. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చింది ఆ 50 మీటర్ల రైఫిల్ పోటీలోనే.

నీ తాతగారి రైఫిల్ గురి తప్పుతుంటే నా అనుమానం క్రౌన్, అంటే బ్యారెల్ మూతి అంచు, మీద. తూటా చివరిసారిగా తాకేది ఆ అంచునే. అక్కడ చిన్న గాటున్నా వాయువు ఒక పక్కనుంచి ముందే తప్పించుకుని తూటాను వంచుతుంది. ఆ కాలంలో బ్యారెల్ శుభ్రం చేయడానికి పుల్‌త్రూ తాడుకు గుడ్డ పీలిక కట్టి లోపలినుంచి లాగేవాళ్ళు. ఏళ్ళ తరబడి తాడు ఒకే పక్కకు రాసుకుంటే ఉక్కు కూడా అరుగుతుంది. బోల్ట్ తీసి, తూటా కూర్చునే చాంబర్ ఖాళీ అని కంటితోనూ వేలితోనూ రెండుసార్లు చూసుకుని, చెవులు తుడుచుకునే ఇయర్ బడ్‌ను మూతి లోపలినుంచి బయటికి అంచు మీదుగా మెల్లగా లాగు. చుట్టూ అలాగే చెయ్యి. ఎక్కడ దూది పోగు చిక్కుకుంటే అక్కడ గాటుంది. దాన్ని సరిచేయడం లైసెన్సున్న ఆయుధాల డీలర్ పని.

భుజానికి మంచి రబ్బరు ప్యాడ్ వేయించు. బట్‌ను భుజం గుంటలోకి గట్టిగా లాక్కో, వదులుగా పట్టుకుంటే మరీ తంతుంది. వారంలో ఎక్కువ రోజులు .22 మీదే చెయ్యి తిప్పు, పెద్దదాంతో ఒక రోజుకు పది రౌండ్లు చాలు. వాటి మధ్యలో ఎవరిచేతనైనా నీకు తెలియకుండా డమ్మీ రౌండ్, అంటే పేలని ఉత్తుత్తి తూటా, కలిపించు. ట్రిగ్గర్ నొక్కినప్పుడు పేలకపోయినా మూతి కిందికి వంగిందంటే, నీ తూటాలు కిందికి పోవడానికి కారణం బ్యారెల్ కాదు, దెబ్బ వస్తుందన్న టెన్షన్.

ఆదివారం రేంజ్‌కి నేనూ వస్తాను, భూతద్దం తెస్తాను. లైసెన్సు మరిచిపోకు. నాతో మాట్లాడేటప్పుడు కుడి పక్కన నిలబడు, ఎడమ చెవికి నువ్వు చెప్పేది అందదు.

ఇట్లు,
మీ మామయ్య
హలసూరు, బెంగళూరు