కౌంటీలో ఇంటి పైకప్పు మార్పించబోతున్న అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి, బాబాయి ఆశీర్వదించి రాయునది.

టెక్సాస్‌లోని బ్రజోరియా కౌంటీలో (మన జిల్లా లాంటిది), నగర పరిధి దాటిన చోట ఐదెకరాలతో ఇల్లు కొన్నావనీ, జూన్‌లో తుపానుల కాలం మొదలయ్యేలోగా పైకప్పు మార్పిస్తున్నావనీ మీ నాన్న చెప్పగానే, ఆ మాట నలుగురికీ చెప్పుకొని గర్వపడ్డాను. అయితే "అక్కడ పర్మిట్ అక్కర్లేదు, మన ఇష్టం" అని నువ్వు అన్నావట. ఈ ఉత్తరం ఆ మాట గురించే.

పర్మిట్ విషయం చాలావరకు నిజమే. టెక్సాస్‌లో నగరాలకున్నంత అధికారం కౌంటీలకు లేదు. 2009లో వచ్చిన చట్టం ప్రకారం కౌంటీలు కొత్త ఇళ్లకు భవన నిబంధనలు వర్తింపజేయవచ్చు గాని, ఉన్న ఇంటికి కప్పు మార్చడం దాని కిందికి రాదు. అయినా నీ స్థలం పక్క నగరపు ఈటీజేలో, అంటే హద్దు బయట కూడా ఆ నగరానికి కొంత అధికారం ఉండే ప్రాంతంలో, ఉందేమో కనుక్కో. దస్తావేజులోని షరతులు చదువు.

నువ్వు మరచినది వేరొకటి ఉంది. గాలివాన బీమా విషయంలో ప్రత్యేక నిబంధనలున్న 14 తీర కౌంటీలలో బ్రజోరియా ఒకటి. అక్కడ ట్వియా (టెక్సాస్ తీరప్రాంతానికి గాలివాన బీమా ఇచ్చే సంస్థ) బీమా కావాలంటే, 1988 నుంచి జరిగిన ఇలాంటి పనికి, అది గాలివాన నిబంధనల ప్రకారం జరిగిందని తెలిపే డబ్ల్యూపీఐ-8 అనే ధ్రువపత్రం చూపాలి.

మా బావమరిది ఈ పత్రం ఊసే ఎత్తకుండా కప్పు వేయించాడు. 2008 సెప్టెంబరులో ఐక్ తుపాను వెళ్లిపోయాక, వేరే రాష్ట్రం నుంచి ట్రక్కులో వచ్చిన రూఫర్ (కప్పులు వేసేవాడు) ఒకడు తలుపు తట్టి, చవకగా చేసిపెడతానన్నాడు. కౌంటీ వారు పర్మిట్ అడగలేదు, ఇక అడిగేవారే లేరనుకున్నాడు మావాడు. కప్పు చూడ్డానికి బాగానే కుదిరింది. కొన్నేళ్లకు ఇల్లు అమ్మకానికి పెడితే, కొనేవారి బీమాకు ఆ పత్రం కావలసి వచ్చింది. ఆ పత్రం కోసం పిలిపించిన ఇంజనీరు, షింగిల్స్ (కప్పు మీద పరిచే పలకలు) కింద మేకులు ఎన్ని ఉన్నాయో, చెక్క ఎలా ఉందో చూడకుండా సంతకం చేయలేనన్నాడు. రూఫర్ ఫోను ఎప్పుడో మూగబోయింది. చివరికి నిక్షేపంగా ఉన్న కప్పును విప్పి, మళ్లీ వేయించి, రెండుసార్లు డబ్బు కట్టాడు. ఆ నెలల్లో మా చెల్లెలు పడిన దిగులు నేను చూశాను.

కాబట్టి పని మొదలుకాకముందే లైసెన్సున్న ఇంజనీరును కుదుర్చుకొని, డెక్, అంటే షింగిల్స్ కింది చెక్క, తెరిచి ఉన్నప్పుడే అతను వచ్చి చూసేలా రూఫర్‌తో ఒప్పందంలో రాయించు. మామూలు చోట షింగిల్‌కు నాలుగు మేకులు చాలు, పెనుగాలి తగిలే చోట ఆరు కొట్టాలి. పైకప్పు అంచుకు డ్రిప్ ఎడ్జ్ (వాన నీరు చెక్కకు తగలకుండా బిగించే లోహపు రేకు) తప్పనిసరి. పాత పొర మీదే కొత్తది వేస్తే చవక అంటారు. నానిన చెక్కను కప్పిపెట్టడానికి ఒప్పుకోవద్దు.

బాబాయికి ఈ గాలిపిచ్చి ఏమిటని విసుక్కోకు. 1977 నవంబరు 19న దివిసీమలో నీళ్లు రాకముందే గాలి వచ్చింది. తాటాకు కప్పులు లేచిపోవడం పన్నెండేళ్ల వయసులో చూశాను. మీ నాన్నకూ తెలుసు, అతను చెప్పడు. అందుకే మేకుల లెక్క దగ్గర నేను మొండివాణ్ణి.

రూఫర్లకు టెక్సాస్ రాష్ట్రం లైసెన్సు ఇవ్వదు, కనుక వాళ్ల బీమా కాగితాలు నువ్వే చూడాలి. నీ బీమా డిడక్టిబుల్ (నష్టంలో నీ జేబులోంచి కట్టవలసిన వాటా) మాఫీ చేస్తానన్న వాణ్ణి గడప తొక్కనీయకు. అది చట్టవిరుద్ధం. పని పూర్తి కాకుండా సొమ్మంతా ఇవ్వకు.

నిచ్చెన మాత్రం నువ్వు ఎక్కవద్దు, ఫొటోలు తీయమని ఇంజనీరునే అడుగు. పాత కప్పు విప్పే తేదీ ఖాయం కాగానే నాకు తెలియజేయి; మీ పిన్నీ నేనూ పియర్‌లాండ్ నుంచి బయలుదేరి పొద్దున్నే వస్తాము, భోజనం మేమే తెస్తాము.