మందుల కోసం జంతువుల మీద ప్రయోగాలు చేయడం తప్పు కాదా?

మందుల సంగతి అటుంచండి. రికార్డు బుక్కు కోసం చంపడం మాత్రం ముమ్మాటికీ తప్పే. నేనూ చంపాను కాబట్టే చెబుతున్నా.

గుంటూరులో బీఫార్మసీ చదివేవాణ్ణి. 2003 వేసవి, ఫార్మకాలజీ ప్రాక్టికల్. కాలవ గట్ల మీద పట్టిన కప్పల్ని ఒకతను గోనెసంచిలో తెచ్చి ఇచ్చేవాడు. కప్పకాళ్ల ఎగుమతి 1987లోనే ఆపేశారు గానీ, ఈ సంచిని అడిగినవాడు లేడు. ల్యాబ్ మూల పడేసిన ఆ తడి సంచి కదులుతూనే ఉండేది.

కప్పను గుడ్డతో పట్టుకుని, తలా వెన్నూ కలిసేచోట సూది దించాలి. చెయ్యి వణికి నా సూది పక్కకి పోయింది. అది అరవలేదు. వెనక కాళ్లు రెండూ నా బొటనవేలికి ఆనించి నెట్టింది, అంతే. ఎట్లాగో రెండోసారికి దిగింది. పొట్ట కండరం తీసి, కండరాన్ని బతికించి ఉంచే రింగర్ ద్రావణం అనే ఉప్పునీళ్లలో వేలాడదీసి, ముప్పావుగంట కూర్చున్నాం. కండరాన్ని ముడుచుకునేలా చేసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం మోతాదు పెంచేకొద్దీ, మసి పట్టించిన తిరిగే డ్రమ్ము మీద గీత పొడుగవ్వాలి. రెండో మోతాదు దగ్గర కరెంటు పోయింది. డ్రమ్ము ఆగింది, కండరానికి ఆక్సిజన్ అందించే గాలిబుడగలూ ఆగాయి. మళ్లీ వచ్చేసరికి కండరం చచ్చుబడింది.

"సార్, ఇప్పుడెలా?" అంటే, "సంచిలో ఉన్నాయి కదయ్యా, ఇంకోటి తీసుకో" అన్నారు.

రెండోదాన్ని కోసేటప్పుడు నా పార్ట్‌నర్ కండరం చీల్చేశాడు. మూడోదానికి గీతలు పడ్డాయి. అచ్చం అవే గీతలు మా సీనియర్ రికార్డులో అప్పటికే ఉన్నాయి!

"కావలసినవి: కప్ప – 1" అని రాశాను. పదికి తొమ్మిది వేశారు. మార్జిన్ వంకరగా కొట్టానని ఒక మార్కు కోత.

అసలు మందులంటారా, మా నాన్నకు చిన్నప్పుడు పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు పొడిచారట. అప్పట్లో ఆ టీకా గొర్రె మెదడుతో చేసేవాళ్లు. ఆ గొర్రె లేకపోతే నేనూ లేను, దాన్ని తప్పని ఏ నోటితో అనను? వీలైతే జంతువు లేకుండా, తప్పకపోతే తక్కువ వాటితో, తక్కువ బాధతో చేయమని రస్సెల్, బర్చ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్తలు 1959లోనే రాశారు. మనకూ 1998 నుంచి నిబంధనలున్నాయి. మా సంచి దాకా మాత్రం రాలేదు.

ఇప్పుడు మా అక్క కూతురు విజయవాడలో ఫార్మసీ చదువుతోంది. కప్ప కంప్యూటర్‌లోనే ఉంటుందట, మౌస్ నొక్కితే చాలట. మరి గ్రాఫ్ నువ్వే గీశావా అని అడిగా. "లేదు మావయ్యా, సీనియర్ రికార్డులోంచి ఎక్కించా" అంది.