టీఎస్‌హెచ్ నార్మలే.. మరి మెడ పక్కన ఈ గడ్డ ఏమిటి?

ప్రశ్న: నా వయసు 38. మూడేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా. టీఎస్‌హెచ్ నార్మల్. నాలుగు నెలలుగా మెడ కుడి పక్కన గడ్డ తగులుతోంది, నొప్పి లేదు. నెల నుంచి గొంతు బొంగురుపోయింది. మెడికల్ షాపులో అడిగి రెండుసార్లు యాంటీబయాటిక్స్ వాడాను. డోసు పెంచాలా? క్యాబేజీ మానేయాలా? - ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉంటే సాధారణంగా డోసు మార్చాల్సిన పని లేదు. ఉడికించిన క్యాబేజీ మితంగా తినొచ్చు. నాకు ఆందోళన కలిగిస్తున్నది ఆ గడ్డ, దాంతోపాటు మారిన గొంతు.

థైరాయిడ్ క్యాన్సర్‌లో గొంతు ముందు భాగంలోనే వాపు రావాలని లేదు. పాపిల్లరీ రకంలో అసలు కణితి చేతికి తగలనంత చిన్నగా ఉండగానే మెడ పక్కన లింఫ్ గ్రంథి ఉబ్బవచ్చు. ఫాలిక్యులర్ రకం కొందరిలో ఎముకలకు పాకి, నడుంనొప్పితోనో ఎముక విరగడంతోనో బయటపడుతుంది. మెడుల్లరీ రకంలో కొందరికి నెలల తరబడి విరేచనాలు తగ్గవు. వీరిలో చాలామందికి టీఎస్‌హెచ్ నార్మల్‌గానే ఉంటుంది. గ్రంథి ఎలా పనిచేస్తోందో ఆ పరీక్ష చెబుతుంది, అందులో కణితి ఉందో లేదో చెప్పదు.

మీకు క్యాన్సరేనని అనడం లేదు, పరీక్షించకుండా ఎవరూ అనలేరు. టీబీ గడ్డ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. కానీ మొదటి కోర్సుకు తగ్గనప్పుడే డాక్టర్‌కు చూపించుకోవాల్సిందమ్మా. రెండోసారి కూడా షాపులో అడిగి వాడటం తప్పు. మెడలో గడ్డ కనబడగానే సూది పరీక్ష (సన్నని సూదితో గడ్డలోని కణాలు తీసి చూడటం) లేకుండా టీబీ మందులు మొదలుపెట్టి, నెలలు గడిచాక మా దగ్గరకు వచ్చేవారూ ఉన్నారు. మీకూ ఎవరైనా అలా చెబితే, ‘ముందు సూది పరీక్ష చేయిద్దాం సార్’ అని మీరే అడగండి. సొంతంగా స్టెరాయిడ్లు అసలు వద్దు. లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) లాంటిదైతే గడ్డ తాత్కాలికంగా కరిగి, బయాప్సీలో కూడా జబ్బు దొరక్కుండా పోవచ్చు.

ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. స్వరతంత్రులను కదిలించే నరం థైరాయిడ్ వెనక నుంచే వెళ్తుంది. అందుకే స్కోపుతో అవి రెండూ కదులుతున్నాయో లేదో చూస్తారు. మెడకు అల్ట్రాసౌండ్, గడ్డ నుంచి ఎఫ్‌ఎన్‌ఏసీ (ఇందాక చెప్పిన సూది పరీక్ష) అవసరమవుతాయి. గడ్డలో నీరు ఉంటే అందులో థైరోగ్లోబ్యులిన్ (థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రోటీన్) కూడా చూడమనండి. సూది గుచ్చితే జబ్బు పాకుతుందేమోనని భయపడి వాయిదా వేయకండి. ఒకవేళ పాపిల్లరీ రకమే అని తేలినా, మీ వయసులో చికిత్స ఫలితాలు చాలా బాగుంటాయి.

గడ్డ వేగంగా పెరిగినా, మింగడం కష్టమైనా, ఊపిరి తీసుకునేటప్పుడు శబ్దం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. పాత రిపోర్టులు, వాడిన యాంటీబయాటిక్ స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. థైరాయిడ్ మాత్ర మాత్రం ఆపకండి.