ఒంటరిగా బస్సెక్కించొద్దు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. శ్రీసిటీ ఫ్యాక్టరీలో నీకు ఉద్యోగం వచ్చిందంట, అల్లుణ్ణీ పిలకాయనీ తీసుకుని సూళ్లూరుపేటలో కాపురం పెడుతున్నావంట. మన రెండిళ్లలో ఫ్యాక్టరీ గేటు దాటి నెల జీతం తెచ్చుకునే మొదటి ఆడపిల్లవి నువ్వు. ఆ సంతోషానికి నిద్ర పట్టలేదు. కాసేపటికి భయం పట్టుకుంది, ఇక తెల్లారేదాకా పట్టలేదు.

నువ్వు పోతున్నది జీతం కోసం మాత్రమే కాదని నాకు తెలుసు. "ఈ వింజమూరులో ఉన్నంతకాలం ఆయన తాగుడు మానడు పెద్దమ్మా" అని పోయిన వేసవిలో నా మంచం పట్టె మీద కూర్చుని ఏడ్చావు. ఇంత నిర్ణయం తీసుకుని నాకు ఒక్క మాట చెప్పలేదే అని కోపం వచ్చిన మాట నిజం. అది పక్కన పెడతాను.

ఊరు మారిస్తే మనిషి మారతాడా అని మీ నాయన ఎగతాళి చేశాడంట. మారతాడు. నేను కళ్లారా చూశాను. మళ్లీ ఎట్లా చెడతాడో కూడా చూశాను, అదీ నా చేతుల మీదుగా.

పిలకాయ టీసీ, గ్యాస్ కనెక్షన్, ఇంటి అడ్వాన్సు ఇవన్నీ నువ్వే చూసుకోగలవు. వాటి గురించి నేను చెప్పేదేమీ లేదు.

1991లో పెద్దవాళ్లకి చదువు నేర్పే అక్షరజ్యోతి వచ్చినప్పుడు మా వీధి రాత్రి బడిలో నేను చదువు చెప్పేదాన్ని. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా మీద తిరగబడ్డ ఆడమనిషి కథ. ఆ పాఠం తెరిచిన రాత్రి ఇక పలకలు ముట్టుకున్నవాళ్లు లేరు. ఒక్కొక్కరూ తమ ఇంటి కథ చెప్పుకుంటూ పోయారు. మాకు దగ్గర్లోనే దూబగుంటలో రోశమ్మ, ఆమెతోపాటు ఊళ్లో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారని తెలిశాక మా ఊరి ఆడవాళ్లకూ ధైర్యం వచ్చింది. మేమూ మూయించాం. 1992లో నెల్లూరులో సారా వేలంపాట జరగకుండా ఆడవాళ్లు అడ్డం కూర్చున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఇది మీరు బళ్లో చదువుకున్నారో లేదో నాకు తెలియదు.

మా ఊరి కొట్టు మూతబడిన నెలకి మీ పెదనాన్న దీపాలవేళకు ఇల్లు చేరడం మొదలుపెట్టాడు. నేను ఒట్టు పెట్టించుకోలేదు, పూజారి దగ్గరికి తీసుకుపోలేదు. అప్పట్లో ఆయన రోజూ తాగే మనిషి కాదు, కూలి డబ్బు చేతికొచ్చిన రోజే తాగేవాడు. పొలం నుంచి ఇంటికొచ్చే దారిలో కొట్టు ఉండేది, ప్యాకెట్లు ఉండేవి, నలుగురు ఉండేవాళ్లు. కొట్టు పోయాక ఆ నలుగురూ ఎవరింటికి వాళ్లు పోయారు. ఈయన మన ఇంటికొచ్చాడు. మా చిన్నోణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని వేరుశెనగకాయలు ఒలిచి పెడుతుంటే చూసి, ఈ మనిషి ఇన్నాళ్లూ ఎక్కడున్నాడా అనుకున్నాను.

1995లో మద్యం మొత్తం నిషేధించారు, 1997లో ఎత్తేశారు. మా ఊరి బస్సు ఆగే చింతచెట్టు కింద బ్రాందీ షాపు వచ్చింది. ఈసారి రోజూ తాగుడే. రెండేళ్లు ఓర్చుకుని 1999 కార్తీకంలో పెట్టె, మిషను, పిలకాయల్ని వేసుకుని కావలికి వచ్చేశాను. నీకన్నా నాలుగేళ్లు పెద్దదాన్నేమో అప్పటికి. మొదట యాభై రూపాయలు తక్కువని తీసుకున్న ఇల్లు షాపు ఉన్న రోడ్డులోనే పడింది. నెలలోపే ఖాళీ చేసి మరో వీధికి మారాం. కట్టెల అడితిలో ఆయనకి పని దొరికింది, నేను జాకెట్లు కుట్టేదాన్ని. పద్నాలుగు నెలలు ఆయన చుక్క ముట్టలేదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

2001 సంక్రాంతి ముందర. అన్నదమ్ముల ఉమ్మడి అరెకరం అమ్ముతున్నాం, సంతకానికి రమ్మని ఊరి నుంచి కబురొచ్చింది. నా దగ్గర పండగ జాకెట్లు నలభైకి పైగా పేరుకుని ఉన్నాయి. ఆయన నన్ను మూడుసార్లు పిలిచాడు. ఒకసారి అన్నం తింటూ, ఇంకోసారి దీపం ఆర్పేముందు. మూడోసారి పొద్దున మిషను పక్కన గొంతుక్కూర్చుని, నేల మీద రాలిన గుడ్డముక్కలు ఒక్కొక్కటీ ఏరుతూ, "నువ్వు కూడా వస్తే సాయంత్రం బస్సుకి వచ్చేద్దాం" అన్నాడు. నేను కాజా కుడుతున్నాను. తల కూడా ఎత్తలేదు. "సంతకం పెట్టి రావడానికి నేనెందుకు? నువ్వేమన్నా పిలకాయవా?" అన్నాను. ఏరిన ముక్కలు కిటికీలో పెట్టి చెప్పులేసుకున్నాడు. నేనే బస్టాండుకి పోయి బస్సెక్కించి, జేబులో రెండొందలు పెట్టి వచ్చాను.

ఆ మనిషి నన్ను తోడు రమ్మన్నది సంతకం కోసం కాదు చిట్టీ. తనకి భయంగా ఉందని చెప్పలేక అట్లా అన్నాడు. మగవాళ్లకి ఆ మాట నోట రాదు. అది నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది.

తర్వాతెప్పుడో ఆయనే చెప్పాడు. బస్సు ఎప్పుడూ ఆగే చోటే ఆగింది. "కావలిలో పద్నాలుగు నెలలు గుర్తే రానిది, ఆ చెట్టు నీడలోకి రాగానే గొంతు పట్టుకుంది" అన్నాడు. షాపు ముందు కూర్చున్నవాళ్లు పగవాళ్లేం కాదు. ఈయనతో కలిసి మేకలు కాసినవాళ్లే. ఒళ్లు చేసి వచ్చాడని ఎంతో ప్రేమగా పిలిచారు. మర్నాడు సంతకం పెట్టాక వాటా డబ్బు కూడా చేతిలో పడింది. ఒక్కరోజు పని పదకొండు రోజులైంది. పండగ అయిపోయాక బంధువొకాయన లారీలో తెచ్చి దించాడు. వాటా డబ్బు సంగతి అడగలేదు నేను, ఇప్పటికీ తెలియదు.

అక్కడితో ఆగలేదు నా తెలివితక్కువతనం. ఇంట్లో పెట్టి తలుపేసి, ఇక చుక్క దొరకనియ్యను అనుకున్నాను. రెండో రాత్రి చేతులు వణికాయి, ఒళ్లంతా చెమట. గోడ మీద చీమల బారు పాకుతోందని చేత్తో తుడుస్తున్నాడు. గోడ మీద ఏమీ లేదు. నేను గాలి సోకిందనుకుని తాయెత్తు కోసం పరిగెత్తాను. తెల్లారుజామున ఫిట్స్ వచ్చాయి. అప్పుడు నెల్లూరు తీసుకుపోయాం. రోజూ బాగా తాగే మనిషి ఉన్నపళంగా ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో ఇట్లా అవుతుందని, ప్రాణం కూడా పోవచ్చని అక్కడ చెప్పారు. కాబట్టి సామాను లారీకి ఎక్కించిన రోజే మందు మాన్పించాలని చూడకు. ముందు డాక్టరు, ఆ తర్వాతే లారీ. అల్లుడు రోజుకి ఎంత తాగుతాడో దాచకుండా చెప్పండి. డ్రైవరు పని కాబట్టి, వాళ్లిచ్చే మాత్రలు వేసుకుని బస్సు తోలవచ్చా అని కూడా అడుగు. ఎటు పోవాలో తెలియకపోతే 14446కి ఫోన్ చెయ్యి, మత్తు మానిపించడానికి ప్రభుత్వం పెట్టిన నంబరు అది, డబ్బులు పడవు.

ఇంకొకటి. అన్నంలో తెలియకుండా కలిపే మాత్ర ఉందని వింజమూరులో ఎవరో నీకు చెప్పే ఉంటారు. ముట్టుకోవద్దు. అది వేసుకున్న మనిషి తాగితే గుండె దడదడలాడి బీపీ పడిపోతుంది. డాక్టరు రాసి, ఆయన తెలిసి వేసుకోవాల్సిన మందు అది. నా మీద ఒట్టు.

ఆ నెల్లూరు ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పింది. వియత్నాం యుద్ధానికి పోయిన అమెరికా సైనికుల్లో అయిదుగురికి ఒకరు అక్కడ హెరాయిన్‌కి బానిస అయ్యారంట. 1971లో వాళ్లు తిరిగొస్తుంటే దేశమంతా హడలిపోయింది. లీ రాబిన్స్ అనే ఆవిడ వాళ్ల వెంటబడి పరిశీలిస్తే, అక్కడ బానిసలైనవాళ్లలో ఇంటికొచ్చిన తొలి ఏడాదిలో మళ్లీ అదే స్థితికి పోయింది నూటికి అయిదుగురేనంట. ఆ బ్యారక్‌లు లేవు, ఆ తోటివాళ్లు లేరు, ఆ భయం లేదు. నాకు ధైర్యం చెప్పడానికే చెప్పింది ఆ తల్లి. నేను మాత్రం ఒకటే ఆలోచించాను. వాళ్లని మళ్లీ వియత్నాం ఎవరూ పంపలేదు కదా. మా ఆయన్ని నేను పంపాను.

అందుకే చెబుతున్నాను. ఈ సంక్రాంతికి మీరు వింజమూరు రావద్దు. ఉగాదికీ వద్దు. కనీసం ఏడాది పాటు అల్లుడు ఒక్కడే ఆ బస్సు ఎక్కకూడదు. తప్పనిసరి చావో పెళ్లో వస్తే ఇద్దరూ పొద్దున బస్సుకి పోయి మధ్యాహ్నం బస్సుకి తిరిగిరండి. తర్వాత మేం అట్లాగే చేశాం. ఆయన తల్లి కర్మకి కూడా రాత్రి నిద్ర చెయ్యలేదు, ఊరంతా నన్ను తిట్టింది, పడ్డాను. మీ అమ్మ అరిసెలు చేసి పెట్టుకుని ఎదురుచూస్తానంటుంది. దానితో నేను మాట్లాడతాను. అరిసెలు నడిచొస్తాయి.

నా కాలంలో స్నేహితులు ఊళ్లో ఉండిపోయేవాళ్లు. ఇప్పుడు వాళ్లు జేబులో వస్తున్నారు. సాయంత్రం ఆరయ్యేసరికి "ఎక్కడున్నావు మామా" అని వాట్సాప్‌లో అడిగే ఆ గ్రూపులో నుంచి బయటికి రాకపోతే అల్లుడు సూళ్లూరుపేటలో ఉన్నా వింజమూరులో ఉన్నట్టే. నంబరు మార్చమని నువ్వు పోరుపెట్టొద్దు, ఆయనతోనే అనిపించు. నువ్వు ఫోన్ లాక్కుని చూడొద్దు. మొదట్లో నేను రోజూ నోటి వాసన చూసేదాన్ని. పోలీసు కాపలా కాసే ఇంటికి రావాలని ఎవరికుంటుంది తల్లీ.

ఇల్లు చూసేటప్పుడు గదులు, నీళ్లు చూశాక, ఆయన బస్సు దిగే చోటు నుంచి ఇంటిదాకా ఒకసారి నడువు. సాయంత్రం పూట నడువు, పగలు కాదు. షాపులు లేని ఊరు లేదిప్పుడు, ఆ దారిలో మాత్రం లేకుండా చూసుకో. అద్దె అయిదొందలు ఎక్కువైతే నేనిస్తాను. ఇది మాటవరసకి అనడం లేదు.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆయనకి ఏదో ఒక పని ఉండాలి. మీ పెదనాన్నకి ఆకలేస్తే చాలు, మందు గుర్తొచ్చేది. అందుకని ఆరున్నరకే వేడివేడిగా ఏదో ఒకటి పెట్టేదాన్ని, ఉగ్గాణో, సంగటో. నీకు షిఫ్టు ఉన్న రోజు వండిపెట్టి పో, లేదా ఆయనకే వండటం నేర్పు. పిలకాయను ట్యూషన్ నుంచి తెచ్చే పని ఆయనకే అప్పజెప్పు. మీ పెదనాన్న రెండోసారి నిలబడింది చిన్నోడి బడి గంట వల్లే అని నా నమ్మకం. ఆదివారాలు ఖాళీగా ఉంచొద్దు. చలికాలంలో మీకు దగ్గర్లోనే నేలపట్టు చెరువుకి గూడబాతులొస్తాయి, చెట్ల మీద తెల్లగా, అంతంత పెద్ద ముక్కులేసుకుని. పిలకాయకి చూపించండి.

ఆయన మందు తాగే గాజుగ్లాసు సామానులో పెట్టకు. చిన్న సంగతే, కానీ నేను తెచ్చుకున్నాను, అలమరలో ఉన్నన్నాళ్లూ ఆయన చూపు దాని మీదే ఉండేది.

ఇవన్నీ చేశాక కూడా ఒకరోజు ఆయన తాగి రావచ్చు. ఆ రాత్రి ఏమీ అనకు. మర్నాడు మజ్జిగ ఇచ్చి, నిన్న ఎక్కడ, ఎవరితో, ఎన్ని గంటలకి అని మాత్రం అడుగు. అది తెలిస్తే ఏ దారి మార్చాలో తెలుస్తుంది. చెయ్యెత్తితే మాత్రం ఒక్క క్షణం ఉండొద్దు. పిలకాయను ఎత్తుకుని నా దగ్గరికి వచ్చెయ్. ఏ అర్ధరాత్రయినా సరే. ఆ విషయంలో నేను సర్దుకుపొమ్మని చెప్పే పెద్దమ్మని కాదు.

మీ పెదనాన్న 2019లో పోయేదాకా, ఆ రెండోసారి తర్వాత పద్దెనిమిదేళ్లు, తాగలేదు. కాలేయం అప్పటికే పాడైంది కొంత, అది మళ్లీ బాగుపడలేదు. ఆఖరి రోజుల్లో కూడా "ఆ రోజు నువ్వొచ్చుంటే" అని ఒక్కసారీ అనలేదు. అనుంటే బాగుండేది నాకు.

సంక్రాంతికి నేనే వస్తున్నాను. మీ అమ్మ అరిసెలు తెస్తాను, నా పాత మిషను బెల్టు మార్పించి లారీలో ముందే వేస్తాను. నెల్లూరులో మారి సూళ్లూరుపేట రైలెక్కుతాను. స్టేషన్ నుంచి మీ ఇంటికి ఎట్లా రావాలో నువ్వు చెప్పొద్దు, అల్లుడి చేత చెప్పించు. సాయంత్రం ఆరున్నరకి దిగేలా చూసుకుంటాను. నన్ను తీసుకుపోవడానికి ఆయన్నే రమ్మను.

మీ
పెద్దమ్మ